భూమికి పాస్‌బుక్కుంది, కైకిలికేముంది?

సర్పంచ్ ఎలక్షన్లు ఒడిసినయ్. 2025 డిసెంబర్ 17తోటి మూడు విడతలు అయిపోయినయ్. ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల దిక్కు ఊరూరికి తిరిగిన ఆటోలల్ల మైకులు ఏమేం జెప్పినయో మీరు గూడ ఇన్నరు. సీసీ రోడ్డు, బోరు, గుడి, కోతుల బెడద. కోతుల ముచ్చట నిజంగ పెద్దదే, నేను కాదంటలేను. కానీ పొద్దుగాల ఆరు గొట్టంగ అడ్డా మీద సద్ది డబ్బ పట్టుకొని నిలవడ్డ మనిషికి పని కాడ ఏమన్న అయితె ఆ ఇల్లు ఎట్ల బతకాలె అనే మాట నాకైతె ఒక్క మైకుల ఇనవడలే.

ముందుగాల నా ముచ్చట జెప్త. నేను పెద్ద సదువులు సదివినోన్ని కాదు. పదో తరగతి తప్పినంక ఆరేండ్లు సెంట్రింగ్ పని జేసిన. చట్టాలు కాలేజిల నేర్సుకోలే. లేబర్ ఆఫీసు బయట బెంచీ మీద కూసొని, తెలిసినోళ్లను అడిగి అడిగి నేర్సుకున్న. అందుకే ఇండ్ల వకీలు భాష ఉండది. లెక్కలు మాత్రం ఉంటయ్.

కొన్నేండ్ల కింద ఒక పంచాయితీకి పోయిన. మూడో అంతస్తు మీదికెళ్లి పడి ఒక కూలాయన పానం ఇడిసిండు. శవం దవాఖాన్ల ఉంది. బయట చెట్టు కింద మనుషులు కూసున్నరు. బిల్డర్ దిక్కు నలుగురు, ఇంటోళ్ల దిక్కు ఇద్దరు, నడుమ పెద్దమనుషులు. లక్షన్నర కాడ మొదలైంది. “తాగి ఎక్కిండు, బెల్టు పెట్టుకోమంటె పెట్టుకోలే, తప్పు ఆయనదే” అని బిల్డర్ మనుషులు మల్ల మల్ల అన్నరు. పోస్టుమార్టం అయ్యేలోపట మూడు లక్షల కాడ ఆగింది. బాండు పేపర్ మీద రాసిన్రు, ఇగ మాకు ఎవల మీద ఏ కేసు లేదు, ఏ హక్కు లేదు అని. ఆమె ఏలిముద్ర ఏసింది. ఆమెకు ఇద్దరు పిల్లలు. అందరు కలిసి బిల్డర్‌నే మెచ్చుకున్నరు. ఇచ్చిండు పాపం, ఇయ్యకుంటె ఏం జేస్తుంటిమి అని. నేను గూడ తలకాయ ఊపిన. ఎందుకంటె నాకు గూడ అప్పుడు లెక్క తెల్వదు.

లెక్క ఇది. పని కాడ చచ్చిపోయినా, దెబ్బ తగిలినా పరిహారం ఇయ్యాలని 1923లనే చట్టం వచ్చింది. తెల్లోని పాలనల వచ్చిన చట్టం, వందేండ్లకు పైన నడిసి 2025 నవంబర్‌ల కొత్త లేబర్ కోడ్‌ల కలిసింది. కంపెనీల పది మంది ఉండాలె, ఇరవై మంది ఉండాలె అనే షరతు దీనికి లేదు. ఒక అంతస్తు దాటిన బిల్డింగు కట్టుడు, రిపేరు జేసుడు, కూలగొట్టుడు అన్ని దీని లోపటికి వస్తయ్. మనిషి చచ్చిపోతె ఆయన నెల కూలిల సగం తీసుకొని, ఆయన వయసుకు చట్టంల రాసిన అంకెతోటి గుణించాలె. 35 ఏండ్లకు ఆ అంకె 197.06. ఇరవై ఏండ్ల పోరడైతె 224. రోజుకు 700 పడితె నెలకు 26 రోజులకు 18,200 అయితది. కానీ 2020 జనవరిల కేంద్రం ఈ లెక్కకు నెల జీతం 15,000 దాకనే అని గీత గీసింది. అయినా సరే, 15,000ల సగం 7,500. దాన్ని 197.06తోటి గుణించుండ్రి. 14,77,950 రూపాయలు.

పద్నాలుగు లక్షల డెబ్బయ్యేడు వేల మీద. చెట్టు కింద తెగింది మూడు లక్షలు.

ఇంకొకటి ఇనుండ్రి. తాగిండు, బెల్టు పెట్టుకోలే అనే వాదన చిన్న దెబ్బలకు నడుస్తది గని, మనిషి చచ్చిపోతె నడవది. శాశ్వతంగ పనికిరాకుంట అయినా నడవది. చట్టంలనే అట్ల రాసి ఉంది. అసలు చావు పరిహారం పైసలు యజమాని ఇంటోళ్ల చేతికి నేరుగ ఇచ్చుడే లెక్కల పట్టదు. కార్మిక శాఖల పరిహారం కమిషనర్ దగ్గర జమ జెయ్యాలె, ఆయన ఇంటోళ్లకు పంచుతడు. మూడు నెలల కూలి దాక అడ్వాన్సు ఇచ్చుకోవచ్చు, గంతే. ఇగ బాండు పేపర్ ముచ్చట. ఈ చట్టం కింద హక్కును ఇడిసిపెడుతున్న అని ఎన్ని సంతకాలు వెట్టినా ఆ కాయితం చెల్లదు. గా చెట్టు కింద మేము రాసిన బాండుకు పేపర్ ఖర్చు దండుగ. రెండేండ్ల లోపట కమిషనర్ దగ్గర దరఖాస్తు ఏస్తె సరిపోయేది. ఆమెకు ఎవలు జెప్పలే. నేనూ జెప్పలే. ఈ మాట నాకు ఇప్పటికి కడుపుల గుచ్చుకుంటది.

ఇన్ని తెల్సినంక గూడ కేసు గెల్చుడు అల్కగ ఉండది. ఎందుకంటె మొదటి ప్రశ్న కాడనే బండి ఆగుతది. ఆ మనిషి నీ దగ్గర పనిజేసిండని రుజువేంది? బిల్డర్ అంటడు, వాడెవడో నాకు తెల్వదు, మేస్త్రి తెచ్చిండు. మేస్త్రి అంటడు, నేను గూడ కూలోన్నే అన్నా, నాకాడ ఏముంటది. పొద్దుగాల అడ్డా మీద బండెక్కిచ్చుకొని పోయిన మనిషికి హాజరు పుస్తకం లేదు, చీటీ లేదు, గేటు కాడ పేరు రాసుడు లేదు. బతికున్నన్ని రోజులు ఆయన ఏ పుస్తకంల లేడు. సచ్చినంక మాత్రం రుజువు కావాలె.

చిన్న సైట్లల్లనే ఇట్ల అనుకోకుండ్రి. 2025 జూన్ 30 నాడు పాశమైలారంల సిగాచి ఫ్యాక్టరీ పేలింది. 54 మంది పోయిన్రు. అండ్ల 8 మంది ఆనవాలు గూడ దొరకలే. ఎక్కువ మంది ఒడిశా, బీహార్, యూపీ దిక్కునుంచి పొట్ట చేతవట్టుకొని వచ్చినోళ్లు. షేర్ మార్కెట్ల పేరున్న కంపెనీ అది. అక్కడనే లోపట ఎవలెవలు ఉన్నరో లెక్క తేలనీకి రోజులు పట్టింది. ఇగ మన అడ్డా లెక్క ఎవడు రాస్తడు.

ఇప్పుడు పాస్‌బుక్కు ముచ్చటకు వస్త. 2018 ఆగస్టుల రైతుబీమా వచ్చింది. పట్టాదారు పాస్‌బుక్కు ఉండి, 18 నుంచి 59 ఏండ్ల మధ్యల ఉన్న రైతు ఏ కారణంతోటి చనిపోయినా ఇంటోళ్లకు 5 లక్షలు. ప్రీమియం సర్కారే కడుతది. రోగమొచ్చి పోయినా, పాము కుట్టి పోయినా కారణం అడగరు. మంచి పథకం. దీన్ని తప్పువట్టేటోన్ని కాదు నేను. ఎన్నో ఇండ్లు దీనితోటి నిలవడ్డయ్. నేను అడిగేది ఒక్కటే. ఆ బీమా పాస్‌బుక్కును చూసి ఇస్తున్నరు గదా, మనిషిని చూసి ఎందుకు ఇయ్యరు? అదే చెల్క మీద కలుపు తీసిన ఆమె, పత్తి ఏరిన ఆమె అదే పాము కుట్టి పోతె ఆమె పిల్లలకు ఆ 5 లక్షలు లేవు. కౌలుకు పట్టినాయనకు గూడ లేవు. భూమి కొత్తపేటల అపార్ట్‌మెంట్ల ఉండే సారుది. ఆ సారు వానకాలం ఒక్కసారి వచ్చి ఫెన్సింగ్ రాళ్లు సూసుకొని పోతడు. బీమా ఆయన పేరు మీద ఉంటది.

పైసల లెక్క గూడ అట్లనే ఉంది. 2025 జనవరి 26 సంది రైతుభరోసా ఏడాదికి ఎకరానికి 12,000. అదే రోజు భూమిలేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అని మొదలువెట్టిన్రు. ఏడాదికి కుటుంబానికి 12,000. ఎకరానికి ఎంతనో, ఒక కూలి ఇంటిల్లిపాదికి గంత. భూమిలేనోళ్లు ఉన్నరని సర్కారు కాయితం మీద ఒప్పుకునుడు మంచిదే, ఆ మాట నేను అప్పుడే అన్న. కానీ షరతులు సూడుండ్రి. 2023-24ల ఉపాధి హామీ పనికి కనీసం 20 రోజులు పోయి ఉండాలె. మన దిక్కు ఉపాధి హామీకి పోకుంట పట్నం పోయి స్లాబులు ఏసినోడు, బస్సెక్కి వనస్థలిపురంల ఇండ్లల్ల బోళ్లు తోమిన ఆమె, ఇద్దరు కూలోళ్లే. ఇద్దరికి గుంట భూమి లేదు. ఇద్దరు ఈ లెక్కల రారు.

రెండో షరతు ఇంకా ఇచ్చంత్రం. పల్లెలల్ల ఉండాలె. ఇబ్రహీంపట్నం మున్సిపాలిటీ అయ్యింది గదా. ఊరు మున్సిపాలిటీ అయిన రోజు డప్పులు గొట్టినం. ఇంటి పన్ను పెరిగింది, జాబ్‌కార్డు పోయింది. ఉపాధి హామీ పట్నాలల్ల ఉండది, అది చట్టంలనే ఉంది. ఉపాధి హామీ లేకుంటె ఆత్మీయ భరోసా లేదు. కానీ మున్సిపాలిటీ వార్డుల భూమి ఉన్నాయనకు రైతుభరోసా ఉంది, రైతుబీమా ఉంది. భూమి మున్సిపాలిటీల ఉన్నా భూమే, కూలాయన మాత్రం మున్సిపాలిటీల ఉంటె కూలాయన కాదు. ఈ ముచ్చట హైకోర్టు దాక గూడ పోయింది. ఇప్పుడు ఆదిబట్ల, తుర్కయాంజాల్ గ్రేటర్ హైదరాబాద్‌ల కలిసినయ్. ప్లాట్ల ధరలు పెరుగుతయని సంబురపడేటోళ్లు పడుతున్నరు. ఉపాధి హామీనే తీసేసి 2025 డిసెంబర్‌ల పార్లమెంటు కొత్త చట్టం పాస్ జేసింది. 125 రోజులు అని రాసిన్రు. రాష్ట్రం మీద 40 శాతం ఖర్చు ఏసిన్రు, నాట్లు కోతల కాలంల 60 రోజుల దాక పనులు బంద్ పెట్టొచ్చన్నరు. అంటె పని ఎక్కువుండి కూలి రేటు గట్టిగ అడిగే రోజులల్ల, అడగనీకి వెనక ఆసరా లేకుంట జేసుడు. దీని మీద ఇంకోసారి రాస్త.

మన ఇలాఖాల కైకిలి జేసేటోళ్లు అడ్డా మీదికి ఎట్ల వచ్చిన్రో యాదికి తెచ్చుకోవాలె. పెద్దచెరువు కింద నాట్లేసిన చేతులు ఇయ్యాల ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లల్ల, ఆదిబట్ల కంపెనీలల్ల ఊడుస్తున్నయ్. సాగర్ రోడ్డు పొంటి వెంచర్లు వడ్డయ్. రింగురోడ్డు బొంగుళూరు కాడ దిగేటోళ్లకు మన చెల్కలు గజాల లెక్కన కనవడ్డయ్. భూమి అమ్మినాయనకు అమ్మిన పైసలన్న వచ్చినయ్. ఆయన కాడ ఏండ్ల తరబడి పనిజేసిన ఇంటికి ఏమొచ్చింది? యాచారం, కందుకూరు, కడ్తాల్ మండలాలల్ల ఫార్మాసిటీ అని వేల ఎకరాలు తీసుకున్నరు. ఆ కొట్లాట భూమి పరిహారం చుట్టే తిరిగింది, తిరగాల్సిందే. కానీ 2013 భూసేకరణ చట్టం సదివితె నాకు ఒక ముచ్చట కొత్తగ కనవడ్డది. ఆ భూమి మీద మూడేండ్ల సంది కూలితోటి, కౌలుతోటి బతికిన కుటుంబం గూడ బాధిత కుటుంబమే అని అండ్ల ఉంది. అట్లాంటి కుటుంబాల పేర్లు ఎవలు రాసిన్రు, ఎక్కడ రాసిన్రు? భూమికి సర్వే నంబరు ఉంటది కాబట్టి ఎవల భూమి పోయిందో దొరుకుతది. కైకిలికి సర్వే నంబరు లేకపాయె.

2025 నవంబర్ 21 నాడు కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లకు తెచ్చింది. 29 చట్టాలను నాలుగు జేసిన్రు. వాట్సాప్‌ల ఒకలు చరిత్ర అంటున్నరు, ఒకలు బానిసత్వం అంటున్నరు. సమ్మెలకు, యూనియన్లకు, ఫ్యాక్టరీ మూసుడుకు సంబంధించిన మార్పులు మస్తుగున్నయ్, అవి ఎక్కువ యజమానుల దిక్కే మొగ్గినయని నా అభిప్రాయం. కానీ అడ్డా మీది మనిషి కండ్లతోటి సూస్తె పనికొచ్చేవి రెండు మూడు కనవడ్డయ్. రోజు కూలి అయితె ఆ రోజు పని దిగంగనే పైసలియ్యాలె. కూలి ఎగ్గొట్టిండని దరఖాస్తు ఏస్తె, ఇచ్చిన అని రుజువు జేసుకునే బాధ్యత యజమానిదే, కూలోనిది కాదు. అడగనీకి మూడేండ్ల గడువుంది. పది మంది, అంతకన్న ఎక్కువ పనిజేసే కాడ అపాయింట్‌మెంట్ లెటర్ ఇయ్యాలె.

పోగొట్టుకున్నది మాత్రం ఎవలు ఎక్కువ మాట్లాడుతలేరు. ఇల్లు కట్టెటోళ్లు కట్టుడు ఖర్చుల నూటికి రూపాయి సెస్సు కట్టాలె. ఆ పైసలతోటే భవన నిర్మాణ కార్మికుల బోర్డు నడుస్తది. 1996 చట్టం కింద సొంతిల్లు 10 లక్షల లోపట కడితెనే ఈ లెక్క నుంచి బయట. కొత్త కోడ్‌ల ఆ గీతను 50 లక్షలకు జరిపిన్రు. మన దిక్కు నూటయాబై గజాలల్ల, రెండు వందల గజాలల్ల కట్టే ఇండ్లు ఎన్ని 50 లక్షలు దాటుతయ్? 40 లక్షల ఇంటికి నిన్నటిదాక 40 వేల సెస్సు. ఇప్పుడు సున్న. సొంతిల్లు కట్టుకునేటోనికి 40 వేలు మిగుల్తయ్, సంతోషమే. కానీ అడ్డా మనిషికి ఎక్కువ పని దొరికేది గీ ఇండ్ల కాడనే. ఇగ పది మంది లోపట పనిజేసే చిన్న సైట్లు పాత చట్టంలనూ బయటనే ఉండె, కొత్త కోడ్‌ల గూడ బయటనే ఉన్నయ్.

ఉన్న సెస్సు పైసలన్న సక్కగ ఖర్చైనయా అంటె, దేశమంతటా వేల కోట్లు కార్మికుల కాడికి చేరనే లేదని 2018 మార్చిల సుప్రీంకోర్టే కోపం జేసింది. కనీస వేతనాల సంగతి మన రాష్ట్రంల ఇంకో తీరు. 2021 జూన్‌ల ఐదు జీవోలు తీసిన్రు గని గెజిట్‌ల అచ్చెయ్యలే. అచ్చు గాని జీవో అమలు గాదు. రేటు పెంచినట్టే ఉండాలె, పెరగొద్దు.

కార్డుల ముచ్చట జర మెల్లగ జెప్త, ఎందుకంటె పోరగాళ్లు దీంట్లనే ఎక్కువ పరేషాన్ అయితరు. ఈశ్రమ్ కార్డు వేరు, లేబర్ కార్డు వేరు. ఈశ్రమ్ 2021 ఆగస్టుల వచ్చింది, దేశంల 30 కోట్ల మంది పైన పేర్లెక్కిచ్చుకున్నరు. అది లెక్క. నువ్వున్నవని సర్కారుకు తెలుస్తది, పన్నెండంకెల నంబర్ వస్తది, నంబర్ వచ్చిందని పైసలు రావు. ఎక్కిచ్చుకోండ్రి, తప్పులేదు. శ్రమయోగి మాన్‌ధన్ అని పింఛను ఒకటుంది. 18 ఏండ్ల పోరడు నెలకు 55 రూపాయలు 42 ఏండ్లు కట్టాలె, అరవై దాటినంక నెలకు 3,000. అప్పటికి 3,000లకు ఎన్ని కిలోల బియ్యం వస్తయో నాకైతె తెల్వది.

లేబర్ కార్డు మాత్రం పనికొచ్చేది. 18 నుంచి 60 ఏండ్ల లోపటోళ్లు, ఏడాదిల 90 రోజులు కట్టుడు పని జేసినోళ్లు తీసుకోవచ్చు. తాపీ మేస్త్రి, సెంట్రింగ్, రాడ్ బెండింగ్, పెయింటింగ్, ప్లంబింగ్, కరెంటు పని, మట్టి మోసుడు అన్ని వస్తయ్. మీసేవల ఐదేండ్లకు 110 రూపాయల ఫీజు. మధ్యల దలారులు వెయ్యి రెండు వేలు అడుగుతరు, ఇయ్యకుండ్రి. బిడ్డ పెండ్లికి 30 వేలు, కాన్పుకు 30 వేలు, పని కాడ ప్రమాదంల పోతె లక్షలల్ల సాయం. ఇది పరిహారానికి బదులు కాదు, రెండు వేరు వేరు హక్కులు. అడగాల్సిందల్లా మల్ల గా 90 రోజుల కాయితం. యజమానో, యూనియనో, లేబర్ ఆఫీసరో రాసియ్యాలె. ఏడాదిల నలభై మంది దగ్గర పనిజేసిన అడ్డా మనిషికి ఏ యజమాని రాసిస్తడు? ఇంకో దిక్కు, ఎన్నడూ తట్ట మొయ్యనోళ్ల చేతులల్ల ఈ కార్డులున్నయ్. మన ఊర్లల్లనే ఉన్నయ్. నాకు తెల్సిన పెద్దమనుషుల ఇండ్లల్ల గూడ ఉన్నయ్. దొంగ కార్డు తీసుకున్నోడు సర్కారును మోసం జేసిన అనుకుంటడు గని, పక్కింటి కూలాయన బువ్వల చెయ్యి వెట్టిండు.

పని పేరు కాయితం ఎక్కితె ఏమైతదో తెలంగాణల మనకు తెల్సిన కథే ఉంది. నిజామాబాద్, కరీంనగర్ దిక్కు ఆడోళ్లు ఇంట్ల కూసొని బీడీలు జేస్తరు. ఫ్యాక్టరీ లేదు, గేటు లేదు. అయినా 1966ల బీడీ కార్మికుల చట్టం వచ్చింది, ఏండ్లకేండ్లు కొట్లాడి పీఎఫ్ నంబర్లు సంపాదించుకున్నరు. తెలంగాణ వచ్చినంక 2015ల బీడీ పింఛను ఇచ్చినప్పుడు, ఎవలు బీడీ కార్మికులో తెల్సుకునే తిప్పలు సర్కారుకు రాలే. పీఎఫ్ నంబరే రుజువైంది. అదే నంబరు లేని ఆడోళ్లు ఎన్నేండ్లు బీడీలు జేసినా బయటనే ఉండిపోయిన్రు.

మహారాష్ట్రల 1969ల మాథాడి చట్టం తెచ్చిన్రు, హమాలీల కోసం. దాని కిటుకు సూడుండ్రి. హమాలీకి శాశ్వత యజమాని ఉండడు, ఇయ్యాల ఈ దుకాణం, రేపు ఆ గోదాం. అందుకని నడుమ ఒక బోర్డు వెట్టిన్రు. హమాలీల పేర్లు బోర్డుల ఉంటయ్, యాపారుల పేర్లు గూడ బోర్డుల ఉంటయ్. యాపారి కూలి పైసలు, దాని మీద ఇంత అని అదనం కలిపి బోర్డుకు కడుతడు. బోర్డు కూలి ఇస్తది, పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవుల పైసలు, దవాఖాన ఖర్చు సూసుకుంటది. యజమానులు నలభై మంది ఉన్నా పుస్తకం ఒక్కటే ఉంటది. ఇబ్రహీంపట్నం అడ్డాకు ఇది అచ్చు గుద్దినట్టు సరిపోతది. ఇండ్ల మేస్త్రీలు, బిల్డర్లు అడ్డా బోర్డుల పేరు రాసుకోవాలె, మనుషులను తోలుకపోతె ఫోన్లనే ఎక్కియ్యాలె. కొత్తగ కనిపెట్టాల్సిన పని గూడ లేదు. 1969లనే కనిపెట్టిన్రు.

బండి మీద బువ్వ డబ్బలు అందించే పోరగాళ్లు దీన్ని ఇంకా అల్కగ అర్థం జేసుకుంటరు. వాళ్ల పని నిమిషం నిమిషం యాప్‌ల రాసి ఉంటది. పనిజేసిండా లేదా అనే పంచాయితీ లేదు, అయినా కంపెనీ “మా కార్మికుడు కాదు, పార్ట్‌నర్” అంటది. 2023 డిసెంబర్‌ల రాష్ట్రం వాళ్లకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. 2025 ఏప్రిల్ 14 నాడు గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదా బయటవెట్టింది. ఆ బిల్లుల గూడ మూలం పేరు నమోదే. పట్నంల బండి నడిపే పోరనికి వచ్చిన ఆలోచన, మన అడ్డా మీది ఆయన నాయనకు ఎందుకు రావొద్దు?

అడ్డా మీద ఇంకో మాట ఎక్కువ ఇనవడుతది. బయటి రాష్ట్రాల లేబర్ తక్కువకు వచ్చి మన పనులు గుంజుకున్నరని. ఒడిశా బలంగీర్ దిక్కునుంచి ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలను సూసినోన్ని నేను. మొగడు, పెండ్లాం, పిల్లగాడు ముగ్గురు కలిసి ఒక లెక్క. ముందుగాల అడ్వాన్సు తీసుకుంటరు, అది తీరేదాక కదలనియ్యరు. మన పాలమూరోళ్లు గుంపు మేస్త్రీల ఎంట దేశమంతా తిరిగి డ్యాములు కట్టినప్పుడు గిదే పద్ధతి. 1979ల వలస కార్మికుల చట్టం అట్లాంటి బతుకులను సూసే తెచ్చిన్రు. వాళ్లు తక్కువకు వస్తున్నరంటె వాళ్ల పేరు గూడ ఏ పుస్తకంల లేదు కాబట్టి. వాళ్ల పేరు రాసిన రోజు మన రేటు గూడ నిలవడుతది.

సర్కారు బోర్డు వెట్టేదాక కూసుంటె ఎట్ల అంటరా? కూసోవద్దు. తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఈ ముచ్చట మీకే జెప్తున్న, ఎందుకంటె ఇంట్ల ఫోన్ నడిపేది మీరే. మీ నాయనకు, మీ అమ్మకు మేస్త్రి కూలి చేతిల వెడితె, ఫోన్‌పేల ఏయమనుండ్రి. ఆ ఒక్క ఎంట్రీ హాజరు పుస్తకంతోటి సమానం, తారీకు ఉంటది, పేరు ఉంటది, పైసలు ఉంటయ్. రేపు ఎక్కడికి రావాలెనో మేస్త్రి వాట్సాప్‌ల పంపిన లొకేషన్, “తమ్మీ ఏడు గొట్టంగ రా” అన్న వాయిస్ మెసేజ్ తుడిపెయ్యకుండ్రి. సైటు కాడ బిల్డర్ బోర్డు కనవడేటట్టు వారానికో ఫొటో తీయమనుండ్రి. దెబ్బ తగిల్తె దవాఖాన్ల “బండి మీదికెళ్లి పడ్డడు” అని రాపియ్యకుండ్రి. పని కాడ పడ్డడనే రాపియ్యాలె, ఎందుకంటె ఆ చీటీనే రేపు కేసు. దవాఖాన ఖర్చు గూడ యజమానే ఇయ్యాలె. ఎవలన్న బాండు పేపర్ తెస్తె, ఏలిముద్ర కంటె ముందు లేబర్ ఆఫీసుకు ఫోన్ జెయ్యుండ్రి.

కొత్త సర్పంచులకు గూడ ఒక పని ఉంది, పైస ఖర్చు లేనిది. ఊర్లె ఇల్లు కట్టనీకి పర్మిషన్ ఇచ్చినప్పుడు కట్టే మేస్త్రి పేరు, ఫోన్ నంబర్ పంచాయతీ రిజిస్టర్ల రాయిపియ్యాలె. అడ్డం దిడ్డం తీర్మానాలు ఎన్నో జేస్తరు, ఇది గూడ ఒకటి జెయ్యుండ్రి.

పోయిన వారం ఇంటర్ సదివే ఒక పోరడు వచ్చిండు. వాళ్ల నాయన స్లాబు కాడ జారి కాలు ఇరగ్గొట్టుకున్నడు. మేస్త్రి పది వేలు ఇచ్చి చేతులు దులుపుకున్నడు. రుజువేమన్న ఉందా బిడ్డా అని అడిగిన. వాడు నాయన ఫోన్ తీసి నా చేతుల వెట్టిండు. నాలుగు నెలల ఫోన్‌పే ఎంట్రీలు, అన్ని ఒకే మేస్త్రి పేరు మీదికెళ్లి, మొత్తం అరవై ఎనిమిది. మొదటి పేజీ కాడికెళ్లి ఒక్కొక్కటి ప్రింటు తీపిచ్చినం. సోమవారం దరఖాస్తు ఏస్తున్నం.